సంక్రాంతి నాడు నలుగురూ హాజరు

పోయిన ఏడాది పొడుగునా మన పత్రికకు వచ్చిన ఉత్తరాలలో సగం రెండే రకాలు. "మాకు నెలకు రెండు ప్రతులు వస్తున్నవి, ఒకటి ఆపండి" అని కొందరు. "మూడు నెలలుగా ఒక్క ప్రతీ రాలేదు, చందా కట్టిన రసీదు మా దగ్గర ఉన్నది" అని మరికొందరు. ఈ రెండు రకాల పాఠకులకూ మేము క్షమాపణ చెప్పుకోవలసి ఉన్నది. ఎందుకంటే చందాదార్ల పుస్తకం వ్రాసేది మేమే. పగలు వేలూరులో మండీ లెక్కలు, రాత్రి పొన్నైలో సంఘం లెక్కలు. తప్పు ఎక్కడ జరిగినా చేతివ్రాత మాదే.

ఆ ఉత్తరాలలో మమ్మల్ని నిద్రపోనివ్వనిది గుడియాత్తం నుంచి వచ్చిన ఒక కార్డు. వ్రాసినది ఒక పెద్ద వయసు తల్లి. ఆమె భర్త పోయి ఏడాది దాటింది. పత్రిక మాత్రం ఆయన పేరుతోనే పోతున్నది. పోస్టుమాను నెలనెలా వాకిట నిలబడి ఆ పేరు పెట్టి పిలుస్తున్నాడు. "పేరు మార్చండి నాయనా, పత్రిక మాత్రం నిలపవద్దు" అని ఆమె మూడుసార్లు వ్రాసింది. మేము మార్చలేదనుకోకండి. మొదటి కార్డు అందిన నాడే మార్చాము. కాని మార్చినది చందా పుస్తకంలో. కవర్లకు అంటించే చీటీలకు వేరే జాబితా ఉన్నది. రసీదులకు ఇంకొకటి ఉన్నది. ఒక మనిషి మూడు పుస్తకాలలో ఉంటే, ఒక దానిలో పోయినవాడు మరొక దానిలో బ్రతికే ఉంటాడు.

"ఇదంతా కంప్యూటరులో పెట్టిస్తే పోలేదా?" అని మీరు అడగవచ్చు. పెట్టించాము. ఆ కథ ముందు చెప్పాలి.

మూడేళ్ళ క్రితం కొందరు ఇంజనీరింగ్ పిల్లలు ప్రాజెక్టు కోసం మన సంఘానికి వచ్చారు. మంచి పిల్లలు. ఒక ఆదివారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుని, మాకు ఏమేమి కావాలో అడిగి, ఇరవై పేజీలు వ్రాసుకుని, చివర మా చేత సంతకం పెట్టించుకుని వెళ్ళారు. మళ్ళీ కనబడింది అయిదు నెలల తర్వాత. చూడడానికి పెళ్ళి పందిరిలాగా ఉన్నది వాళ్ళు చేసిన పని. రంగులు, బొమ్మలు, తిరిగే చక్రాలు. మొదటి చందాదారుని పేరు ఎక్కిద్దామని కూర్చున్నాము. "ఇంటిపేరు తప్పనిసరి" అన్నది యంత్రం. మన వైపు కాగితాలలో ఇంటిపేరు ఎక్కడ ఉన్నది? తమిళనాట అందరిలాగే మనకూ తండ్రి పేరులో మొదటి అక్షరమే ఇనిషియలు. ఇంటిపేరు పెళ్ళి సంబంధాలప్పుడు తప్ప బయటికి రాదు. తెలుగు అక్షరాలు వేద్దామంటే ఒప్పుకోలేదు. ఆ పిల్లలకు అప్పటికే పరీక్షలు అయిపోయినవి, మార్కులు వచ్చినవి, ఉద్యోగాలకు తలా ఒక ఊరు పోయారు. వాళ్ళను ఏమీ అనలేము. మేము సంతకం పెట్టిన ఇరవై పేజీలలో ఉన్నదే వాళ్ళు చేశారు. ఇంటిపేరు సంగతి ఆ ఆదివారం మాకు తోచలేదు. వస్తువు కళ్ళ ఎదుట పడేదాకా ఏమి కావాలో మాకే తెలియదు.

ఇక ఈ ఏటి సంగతి. మా తమ్ముని కూతురు ఇంజనీరింగులో ఆఖరి సంవత్సరం. పొన్నై నుంచి రోజూ బస్సులో కాలేజీకి పోయి వస్తుంది. పోయిన డిసెంబరులో ఒకనాడు సాయంత్రం వచ్చి, "పెదనాయనా, నీ చందా పుస్తకం మాకు ఇస్తావా? మేము నలుగురం ప్రాజెక్టు చేస్తాము" అన్నది. పాత అనుభవం చెప్పి వద్దన్నాము. "అట్ల కాదు పెదనాయనా, ఈ తూరి ఎజైల్ పద్ధతిలో చేస్తాము. పదిహేను రోజులకు ఒకసారి చేసినంత వరకు నీకు చూపిస్తాము. బాగలేదంటే మారుస్తాము" అన్నది.

ఎజైల్ అంటే చురుకు, ఎటు కావలిస్తే అటు చప్పున తిరగగలగడం. మాటకు అర్థం తెలిసింది గాని పద్ధతి తెలియలేదు. అప్పటినుంచి అడిగి, చదివి, చదివించుకుని తెలుసుకున్నది మన పాఠకులకు కొంచెం చెబుతాము. ఇంటింటా ఒక ఇంజనీరింగ్ పిల్లో పిల్లవాడో ఉన్న రోజులు గదా. వేలూరులోనే 1984లో మొదలైన ఇంజనీరింగ్ కళాశాల ఇవాళ విఐటి అనే పెద్ద విశ్వవిద్యాలయమై దేశం నలుమూలల పిల్లలను చేర్చుకుంటున్నది. వాళ్ళు ఏమి చదువుతున్నారో పెద్దవాళ్ళకు కొద్దిగానైనా తెలియడం మంచిది.

పాత పద్ధతికి జలపాతమని పేరు. పై మెట్టు నుంచి కింది మెట్టుకు నీళ్ళు దూకినట్టు, ముందు అవసరాలన్నీ వ్రాయడం, తర్వాత నమూనా గీయడం, తర్వాత ప్రోగ్రాము వ్రాయడం, తర్వాత పరీక్షించడం, చివర అప్పగించడం. నీళ్ళు వెనక్కు ఎక్కవు. 1970లో విన్‌స్టన్ రాయిస్ అనే అమెరికా ఇంజనీరు తన వ్యాసంలో ఇట్లాంటి మెట్ల బొమ్మ ఒకటి వేశాడు. తమాషా ఏమంటే, ఇట్లా ఒకే దూకుడుగా పోవడం ప్రమాదమని, కొత్త పని అయితే ఒకసారి చిన్నదిగా చేసి చూసి మళ్ళీ చేయమని ఆయనే అక్కడ హెచ్చరించాడు. లోకం బొమ్మను పట్టుకున్నది, హెచ్చరికను వదిలిపెట్టింది.

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో స్నోబర్డ్ అనే మంచుకొండల విడిదిలో పదిహేడుమంది సాఫ్ట్‌వేరు నిపుణులు కలుసుకుని ఒక చిన్న ప్రకటన చేశారు. దాని సారం నాలుగు మాటలు. పద్ధతులకన్నా పనిముట్లకన్నా మనుషులూ వాళ్ళ మధ్య మాటలూ ముఖ్యం. దస్తావేజుల కట్టలకన్నా నడిచే సాఫ్ట్‌వేరు ముఖ్యం. ఒప్పందం మీద బేరాలకన్నా వాడుకునేవారితో కలిసి పనిచేయడం ముఖ్యం. వేసుకున్న ప్రణాళికను పట్టుకుని వేలాడడంకన్నా మార్పును బట్టి నడుచుకోవడం ముఖ్యం. వెనుక చెప్పినవి పనికిరావని కాదు, ముందు చెప్పిన వాటికి విలువ ఎక్కువ అని కూడా వాళ్ళే అన్నారు. ఈ చివరి మాటను చాలామంది చదవరు కాబోలు.

ఎజైల్ అనేది ఒక గొడుగు. దాని కింద పద్ధతులు చాలా ఉన్నవి. మా పిల్లలు పట్టుకున్నది స్క్రమ్. ఇది రగ్బీ ఆటలోని మాట. ఆటగాళ్ళు భుజం భుజం కలిపి ఒక్క గుంపుగా తోస్తారే, అది. 1986లో తకెయూచి, నొనాకా అనే ఇద్దరు జపాను పండితులు కొత్త సరుకులు తయారుచేసే జట్లను ఈ ఆటతో పోల్చి వ్యాసం వ్రాశారు. 1995లో కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ అనే ఇద్దరు దీన్ని సాఫ్ట్‌వేరు పనికి ఒక పద్ధతిగా కూర్చి సభలో వినిపించారు.

పద్ధతి చెప్పడానికి సులువు. చేయవలసిన పనులన్నీ చీటీలమీద వ్రాయాలి. ఏది ముందు, ఏది వెనుక అని చెప్పడానికి ఒక మనిషి ఉండాలి. నెలకు మించని గడువు పెట్టుకుని, ఆ గడువులో ముగియగలిగినన్ని చీటీలే తీసుకోవాలి. ఆ గడువుకు స్ప్రింటు అని పేరు. రోజూ పదిహేను నిమిషాలకు మించకుండా కలుసుకుని పని ఎక్కడిదాకా వచ్చిందో, ఎక్కడ ఆగిందో చెప్పుకోవాలి. గడువు చివర, నడిచే వస్తువును వాడుకునేవారికి చూపాలి. ఆ తర్వాత తాము తాము కూర్చుని, ఏది బాగా జరిగింది, ఏది జరగలేదు, వచ్చే స్ప్రింటులో ఏమి మార్చుకోవాలి అని మాట్లాడుకోవాలి. మళ్ళీ మొదలు.

మా ఇంటి వరండాలో గోడకు మూడు బారులుగా చీటీలు అంటించారు. చేయవలసినవి, చేస్తున్నవి, అయినవి. మా ఇంట్లో ఆమె చూసి, "గోడకు సున్నం కొట్టించి ఆరు నెలలు కాలేదు" అన్నది గాని, ఎవరైనా వస్తే ఆ చీటీలు చూపించింది కూడా ఆమే.

"ఏది ముందు" అని చెప్పే మనిషి మేమైనాము. ఇది తేలిక పని అనుకున్నాము. పిల్లల మనస్సు ఫోనులో చందా కట్టే ఏర్పాటు మీద, ఏ ఊరిలో ఎందరు చందాదారులో చూపే రంగుల పటం మీద ఉన్నది. ఆ పిల్లలు ఉత్సాహంగా చెబుతుంటే మేమూ ఊగిపోయాము. రాత్రి పడుకున్న తర్వాత గుడియాత్తం కార్డు గుర్తుకు వచ్చింది. తెల్లవారి మొదటి చీటీ తీసేసి, వేరే వ్రాసి అంటించాము. "ఒకచోట పేరు మారిస్తే కవరు చీటీమీద మారాలి." అంతే. రంగుల పటం చివరకు పోయింది. పిల్లల మొహాలు చిన్నబోయినవి.

డిసెంబరు ఆఖరుకు మొదటి స్ప్రింటు ముగిసింది. ఒకే ఒక పేజీ. అందులో పేరు, విలాసం, ఒక బొత్తాము. నొక్కితే చీటీ అచ్చవుతుంది. దానితోనే మూడు తప్పులు దొరికినవి. మొదటిది, తెలుగు అక్షరాలు తెరమీద బాగానే ఉండి కాగితం మీద విరిగిపోయినవి. వత్తులన్నీ అక్షరాల కింద ఉండక పక్కకు వచ్చి, విడి హల్లులై నిలబడినవి. తెలుగుకు ప్రపంచమంతా ఒప్పుకున్న యూనికోడ్ సంకేతాలు 1991 నుంచే ఉన్నవి. కాని అక్షరాలను దాచుకోవడం వేరు, వత్తును దాని తావులో కూర్చడం వేరు. చీటీ తయారుచేసే పనిముట్టుకు ఆ రెండవ విద్య రాదట. పనిముట్టునే మార్చవలసి వచ్చింది. రెండవ తప్పు, పేరు తెలుగులో ఉంటే చాలు, విలాసం తెలుగులో ఉంటే మా పోస్టుమాను చదవలేడు. మూడవది, మా కోశాధికారి గారు చూసి, "ఎవరు పేరుతో వెతుకుతారయ్యా? ఒక వీధిలో ఒకే పేరు వాళ్ళు ముగ్గురు ఉంటారు. మొదట ఊరు, తర్వాత వీధి, ఆ తర్వాత మనిషి" అన్నారు. ఆయనకు డెబ్బై దాటింది, కంప్యూటరు ముట్టుకోరు. కాని చందా వసూలుకు నలభై ఏళ్ళు తిరిగిన కాళ్ళు అవి.

ఈ మూడూ పాత పద్ధతిలో అయిదవ నెలలో బయటపడేవి. ఇప్పుడు పదిహేనవ నాడు బయటపడినవి. సరిదిద్దడానికి ఇంకా నాలుగు నెలలు చేతిలో ఉన్నవి. ఎజైల్ అంతా ఇందులోనే ఉన్నది. తప్పు చేయని పద్ధతి కాదది, తప్పు త్వరగా కనబడే పద్ధతి.

అట్లని అన్ని పనులూ ఇట్లా చేయరాదు. మన పొన్నై ఏటికి అడ్డంగా కట్టిన ఆనకట్ట ఉన్నది గదా. సగం కట్టి, రైతులకు చూపించి, "బాగున్నదా, మార్చమంటారా" అని అడిగితే వరద ఆగుతుందా? చిత్తూరు వైపు నీవా అనే పేరుతో దిగివచ్చే నీళ్ళు మన ప్రణాళిక కోసం కాచుకొని ఉండవు. గుడియాత్తం నేతగాళ్ళను అడగండి. పేకలో రంగు నడుమన మార్చవచ్చు. పడుగు మాత్రం ముందే సరిగా వేసుకోవాలి. సాఫ్ట్‌వేరులోనూ పడుగు ఉన్నది. ప్రతి చందాదారునికీ మారని సంఖ్య ఒకటి ఉండాలి, ఒకే మనిషి మూడుచోట్ల ఉండరాదు అనే రెండు సంగతులు మా పిల్లలు మొదటి వారమే తేల్చుకున్నారు. తక్కినదంతా పేక. చురుకు పేరుతో పడుగే వేసుకోకుండా మగ్గం ఎక్కేవాళ్ళు కూడా ఉన్నారట.

ఇంకొక చిక్కు మాకు ముందు తోచలేదు. మా పాపకు తెలుగు మాట్లాడ వచ్చు, చదవ రాదు. 2006లో తమిళం నేర్చుకోవడాన్ని గురించిన చట్టం వచ్చిన తర్వాత, ఇక్కడి బడులలో ఒకటవ తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. తెలుగు ఇంట్లో నిలిచింది, పలక మీదికి రాలేదు. ఇంట్లో నేర్పవలసిన మేము నేర్పలేదు, అది వేరే తప్పు. కాబట్టి చందా పుస్తకం మేము చదవాలి, ఆమె టైపు చేయాలి. కెంట్ బెక్ అనే ఆయన 1999లో ప్రకటించిన ఒక ఎజైల్ గ్రంథంలో ఇద్దరు ఒకే కంప్యూటరు ముందు కూర్చుని ప్రోగ్రాము వ్రాయడం మంచి అలవాటని చెప్పాడట. ఒకరు వ్రాస్తుంటే మరొకరికి తప్పు కనబడుతుంది. మా జత వింతది. ఒకరికి అక్షరాలు వచ్చు, మరొకరికి యంత్రం వచ్చు. రోజుకు పది పేర్లు, పన్నెండు పేర్లు. ఫిబ్రవరి వచ్చేసరికి మేము నోరు తెరవకముందే ఆమె కొన్ని పేర్లు కూడబలుక్కుని చదువుతున్నది. దాన్ని ఏ చీటీమీదా ఎవరూ వ్రాయలేదు.

ఇక అసలు సంగతికి వస్తాము.

విద్యార్థుల ప్రాజెక్టుకు ఉద్యోగస్తుల ప్రాజెక్టుకు తేడా ఉన్నది. ఉద్యోగి రోజంతా ఒక పనే చేస్తాడు. విద్యార్థికి వేరే పాఠాలు, లాబులు, పరీక్షలు, ఉద్యోగాల ఇంటర్వ్యూలు. నలుగురు కలవడానికి మధ్యాహ్నం భోజనం వేళ పది నిమిషాలు దొరికితే గొప్ప. రెండవ స్ప్రింటులో పని సగమే అయింది. జట్టులో ఒక అబ్బాయి వీధిని బట్టి వెతికే భాగం తీసుకున్నాడు. రోజూ "చేస్తున్నాను" అంటాడు. రెండు వారాల తర్వాత చూస్తే ఒక్క వరుస లేదు. సోమరి అనుకునేరు, కాదు. అతనికి ఆ పని తెలియదు. తెలియదని చెప్పడానికి సిగ్గు. రోజూ పదిహేను నిమిషాలు నిలబడి మాట్లాడుకోవడం దేనికి? "ఇక్కడ ఆగిపోయాను, చేయి ఇవ్వండి" అనడానికి. వాళ్ళు దాన్ని హాజరు పిలుపుగా చేసుకున్నారు. బడిలో పేరు పిలిస్తే "ఉన్నాను" అన్నట్టు, ఇక్కడ "చేస్తున్నాను".

ఫిబ్రవరి చివరలో కాలేజీలో రెండవ రివ్యూ. ప్రాజెక్టుతోపాటు రోజువారీ సమావేశాల పుస్తకం కూడా చూపాలి. దానికి మార్కులు ఉన్నవి. ముందునాటి రాత్రి మా పాప లాప్‌టాప్ తెచ్చి, "పెదనాయనా, ఇంగ్లీషులో తప్పులు ఉంటే చూడు" అన్నది. మేము మెట్రిక్యులేషనుతో చదువు ఆపినవాళ్ళమే గాని, పాతికేళ్ళుగా ఆఫీసులో ఇంగ్లీషు ఉత్తరాలు వ్రాసినవాళ్ళం. కళ్ళద్దాలు పెట్టుకుని చదివాము. ఎంత ముచ్చటగా ఉన్నది! డిసెంబరు నుంచి ఒక్క రోజు తప్పలేదు. ప్రతి దినం నలుగురూ హాజరు. ప్రతి దినం పని కొంచెం ముందుకు. జనవరి పదిహేను దగ్గర మా వేలు ఆగింది. "నలుగురూ హాజరు. వెతికే భాగం సంతృప్తికరంగా సాగుతున్నది."

"పాపా, ఆ పొద్దు సంక్రాంతి గదా. పొంగలికుండ దగ్గర మీ పెద్దమ్మకు చెరుకు గడ పట్టుకుని నిలబడింది ఎవరు?" అన్నాము.

ఆమె మాట్లాడలేదు. కాసేపటికి, "అందరూ ఇట్లనే వ్రాస్తారు పెదనాయనా" అన్నది. రెండు నెలల పుస్తకం ఆ ఒక్క సాయంత్రం నలుగురు కూర్చుని పంచుకుని వ్రాశారట. ఒకరు డిసెంబరు, ఒకరు జనవరి.

కోపం రాలేదు మాకు. వచ్చే అర్హత లేదు. ఆ రాత్రి ఆమెకు చెప్పిన సంగతి, మా ఇంట్లో ఆమెకు తప్ప అంతవరకు ఎవరికీ చెప్పనిది, ఇక్కడ వ్రాస్తున్నాము.

ఇరవై ఏళ్ళ క్రితం మేము ఒక మండీలో కొత్తగా చేరాము. దాని పేరు వద్దు. సరుకు ఎన్ని బస్తాలు వచ్చింది, ఎన్ని పోయింది అని రోజూ పుస్తకంలో ఎక్కించాలి. పని ఎక్కువైన వారాలలో ఎక్కించేవాళ్ళం కాదు. నెలాఖరున కూర్చుని, గుర్తున్నంత వ్రాసి, తక్కిన దినాలకు "యథాప్రకారం" అని నింపేవాళ్ళం. పుస్తకం చూడడానికి ముత్యాలు పేర్చినట్టు ఉండేది. ఒక నెల ఏడు బస్తాల బెల్లం తగ్గింది. పుస్తకంలో తేడా లేదు, గోదాములో తేడా ఉన్నది. పుస్తకం అబద్ధం చెప్పదని యజమాని నమ్మకం. నింద మూటలు మోసే మనిషి మీద పడింది. అతను పెద్దగా వాదించలేదు. తలగుడ్డ దులుపుకుని, ఆ వారం కూలి కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు. రెండు నెలల తర్వాత తెలిసింది, ఆ ఏడు బస్తాలు ఒకనాడు పొరపాటున వేరే లారీకి ఎక్కినవని. ఆ నాటి వరుసలో మేము వ్రాసినది "యథాప్రకారం". యజమానికి చెప్పాము. ఆయన ఆ మనిషి కోసం మనిషిని పంపారు. దొరకలేదు. ఏ ఊరికి పోయాడో ఇప్పటికీ మాకు తెలియదు.

పాప విని చాలాసేపు ఊరకే కూర్చున్నది. "మా ప్రాజెక్టులో ఎవరి మీదా నింద పడదు గదా" అన్నది చివరకు. పడదు, నిజమే. కాని ఆలోచించండి. స్క్రమ్‌కు మూడు స్తంభాలు ఉన్నవని ఆమె పుస్తకంలోనే ఉన్నది. ఉన్నది ఉన్నట్టు కనబడాలి. కనబడిన దానిని పరిశీలించాలి. పరిశీలించినదాన్ని బట్టి సవరించుకోవాలి. మొదటి స్తంభం విరిగితే తక్కిన రెండూ దేనిమీద నిలబడతవి? వెతికే భాగం "సంతృప్తికరంగా" సాగుతున్నదని వ్రాస్తే, ఆ అబ్బాయికి చేయి ఇవ్వాలని ఎవరికి తోస్తుంది? రెండు వారాలు ఒక పిల్లవాడు తెలియదని చెప్పలేక కుమిలిన సంగతి ఆ పుస్తకంలో లేకపోతే, నాలుగేళ్ళ చదువులో వాళ్ళు నేర్చుకున్న మంచి పాఠం ఆ పుస్తకంలో లేనట్టే.

ఆ రాత్రే నలుగురూ ఫోనులో మాట్లాడుకున్నారు. ఏమి మాట్లాడుకున్నారో మేము వినలేదు. గొంతులు పెరిగినవి, తగ్గినవి. తెల్లవారి ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నవి. పుస్తకం తుడిచేసి, నిజంగా కలుసుకున్న దినాలు మాత్రం ఉంచారు. రెండు నెలలకు పంతొమ్మిది దినాలు తేలినవి. తక్కినవి ఖాళీ. ముందుగానే తమ మాస్టారి దగ్గరకు పోయి ఉన్నది చెప్పారట. ఆయన కొంచెంసేపు ఆలోచించి, "ఖాళీ దినాలు ఖాళీగానే చూపండి. ఎందుకు ఖాళీయో కింద రెండు మాటలు వ్రాయండి" అన్నారట.

వాళ్ళు వ్రాసినది మేము చదివాము. పరీక్షలు, పండుగ, ఒకరికి జ్వరం. వెతికే భాగానికి ఎదురుగా ఆ అబ్బాయే తన మాటలలో వ్రాశాడు, ఈ పని నాకు తెలియదు, తెలియదని పన్నెండు దినాలు చెప్పలేదు అని. ఆ వాక్యం వ్రాయడానికి ఎంత ధైర్యం కావాలో గుమాస్తా పని చేసినవాళ్ళకు తెలుస్తుంది.

ఆ తర్వాత పద్ధతి మారింది. రోజూ కలవడం కుదరదని ఒప్పుకుని వారానికి మూడు దినాలు పెట్టుకున్నారు, కాని మానలేదు. "చేస్తున్నాను" అనే మాటను నిషేధించారు. "ఇది అయింది" అనాలి, లేదా "ఇక్కడ ఆగింది" అనాలి. వెతికే భాగం ఆ అబ్బాయీ మా పాపా ఒకే కంప్యూటరు ముందు కూర్చుని నాలుగు సాయంత్రాలలో ముగించారు. ఒక పని అయినట్టు ఎప్పుడు లెక్క అనే దానికి కూడా ఒక గురుతు పెట్టుకున్నారు. కోశాధికారి గారు తమ కళ్ళతో చూసి తల ఊపితే అయినట్టు.

ఏప్రిల్‌లో ఆఖరి పరీక్ష. బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి ఖాళీ దినాలను చూపించి, ఇదేమిటని అడిగారట. పాప చెప్పింది. పుస్తకం సక్రమంగా నిర్వహించినందుకు ఇచ్చే మార్కులలో కొన్ని తగ్గినవి. దినదినం నలుగురూ హాజరైన వేరే జట్టుకు ఆ మార్కులు పూర్తిగా వచ్చినవి. ఇది దాచి, నిజం చెప్పినవారికే మార్కులన్నీ వచ్చినవని కథ అల్లడం మాకు ఇష్టం లేదు. రంగుల పటం కూడా తయారు కాలేదు. ఫోనులో చందా కట్టే ఏర్పాటూ లేదు. ఆ చీటీలు మా వరండా గోడకు మొదటి బారులో ఇంకా ఉన్నవి. వచ్చే ఏటి పిల్లలు ఎవరైనా తీసుకుంటారు.

అయినదేమిటంటే, మూడు పుస్తకాలు ఒక పుస్తకం అయినవి. ఇంటిపేరుతో ఒకసారి, ఇనిషియలుతో ఒకసారి ఉన్న ఒకే మనిషి ఒక్కడైనాడు. రెండు ప్రతులు అందుకుంటున్నవారికి ఇకమీదట ఒకటే వస్తుంది. మే నెల సంచిక కవర్లన్నీ పిల్లలు చేసిన చీటీలతోనే పోయినవి.

గుడియాత్తం నుంచి కార్డు వచ్చింది. ఆ తల్లి, పత్రిక తన పేరుతో అందిందని, పోస్టుమాను తన పేరు పిలిస్తే ఎవరినో అనుకుని కాసేపు బయటికి రాలేదని వ్రాసింది. చివర ఒక మాట. "నా పేరులో ఒక వత్తు తప్పు పడింది నాయనా."

కార్డు పాపకు ఇచ్చాము. తానే చదివింది. కొంచెం ఆలస్యమైనా తానే చదివింది. చదివి, వరండాలోకి పోయి, గోడమీద కొత్త చీటీ ఒకటి అంటించింది, అన్నిటికన్నా పైన.

పాఠకులకు మా మనవి ఒకటే. ఈ నెల కవరు చింపి పారవేయకముందు మీ పేరు, విలాసం ఒకసారి చూడండి. తప్పు ఉంటే మొహమాటపడకుండా ఒక కార్డు వ్రాయండి. "ఏదోలే, వస్తున్నది గదా" అని ఊరుకోకండి. మీరు బాగున్నదంటే మాకు సంతోషం. తప్పు చూపిస్తే ఆ పిల్లల పని ముందుకు సాగుతుంది.

పై నెల మళ్ళీ కలుసుకుందాము. సెలవు.